ఎడమవైపు చోటు

చేయి కాలాక మళ్ళీ పనిలోకి వచ్చిన మొదటి ఉదయమే కుడివదిన ముక్కుకి పసుపుపచ్చ గుడ్డబంతి ఒకటి వచ్చి తగిలింది. విసిరినవాళ్ళ తప్పేమీ లేదు. పట్టుకోవాల్సిన చేయి పట్టుకోలేదు, అంతే. బంతి కిందపడి, తడినేల మీద దొర్లుకుంటూ వెళ్ళి నీళ్ళగొట్టం పక్కన ఆగింది.

"పర్వాలేదమ్మా, పర్వాలేదు. మీ దగ్గరికి రావాలని దానికే అనిపించింది. ఇవాళ మీరే మొదలుపెట్టండి," అంది ధన్యవాదాల మేడమ్, బంతిని తీసి చీరకొంగుతో తుడుస్తూ.

ఆ పేరు లాండ్రీలో వాళ్ళు పెట్టింది. కుడివదిన ఆస్పత్రిలో పడివున్న రోజుల్లో మేనేజరు ఈమెను కుదిర్చాడు. రోజూ పొద్దున ఇస్త్రీ రోలరు వేడెక్కేలోపు అందరూ గుండ్రంగా నిలబడాలి. బంతి ఎవరి చేతిలో పడితే వాళ్ళు తమ బతుకులో ఉన్న ఒక మంచిని చెప్పి, దానికి ధన్యవాదాలు చెప్పాలి. మనసు మారితే మనిషి మారతాడని, మనిషి మారితే పని మారుతుందని మేనేజరు నమ్మకం. మెషీన్లు మార్చడం కంటే అది చవక అని వెనకవైపు దుప్పట్లు మడతపెట్టే తాత నమ్మకం.

"ఏం చెప్పాలి?" అంది కుడివదిన.

"ఏదైనా. ఈ క్షణంలో మీకున్న మంచి."

కుడివదిన తన కుడిచేతి వంక చూసుకుంది. మూడు వేళ్ళు లోపలికి ముడుచుకుపోయి, వాటి మీద కొత్త చర్మం గులాబిరంగులో సాగి మెరుస్తోంది. ఆ వేళ్ళు తెరుచుకోవనీ, మూసుకోవనీ, నొప్పి మాత్రం ఉంటుందనీ డాక్టరు చెప్పాడు.

"ఇంకో చేయి ఉన్నందుకు," అంది.

దెప్పిపొడవడానికే అంది. కానీ ధన్యవాదాల మేడమ్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "చూశారా! చూసే చూపు మారడమంటే ఇదే!" అని చప్పట్లు కొట్టింది. ఆవిడ కొట్టింది కాబట్టి అందరూ కొట్టారు. కుడివదినకు ఒళ్ళు మండిపోయింది. ఆవిడ మంచి మనిషేనని, కడుపులో ఏ కల్మషమూ లేదని చూడగానే తెలుస్తూనే ఉంది. అందుకే ఇంకా మండింది.

ఆ లాండ్రీకి ఒక పెద్ద ఆస్పత్రి దుప్పట్లు వస్తాయి. ఉతికి, పిండి, తడితడిగా తెచ్చిన దుప్పటిని ఇద్దరు ఆడవాళ్ళు చెరో కొసా పట్టుకుని ఇస్త్రీ రోలరుకు అందించాలి. కుడికొస పట్టుకునే మనిషి కుడివదిన, ఎడమకొస పట్టుకునే మనిషి ఎడమవదిన. మొదట్లో వాళ్ళిద్దరూ ఒకర్నొకరు వేళాకోళానికి వదినా, వదినా అనుకునేవాళ్ళు. పక్కనున్నవాళ్ళు కుడీ ఎడమా తగిలించారు. చివరికి గేటు దగ్గర కాపలావాడికి కూడా వాళ్ళ అసలు పేర్లు గుర్తులేకుండా పోయాయి. ఒకరి డబ్బాలో అన్నం ఇంకొకరు తినేవాళ్ళు. ఒకరికి జలుబు చేస్తే ఇద్దరూ తుమ్ముతున్నారని తాత ఏడిపించేవాడు.

ఇప్పుడు ఎడమవదిన ఆ గుండ్రంలో లేదు. పెరటివైపు మురికిగుడ్డల గదిలో ఉంది. ఆస్పత్రి నుంచి వచ్చిన మూటలు విప్పి, నెత్తురు పడ్డవి ఒకవైపు, చీము పడ్డవి ఒకవైపు, మామూలువి ఒకవైపు వెయ్యడం అక్కడి పని. మధ్యమధ్య సూదులు గుచ్చుకుంటాయి. శిక్షగా తప్ప ఆ గదిలోకి ఎవరూ వెళ్ళరు. ఆమెను అక్కడికి పంపింది కుడివదిన మాటే. ఆస్పత్రి మంచం దగ్గరికి మేనేజరు వచ్చి ఎలా జరిగిందని అడిగితే, మందుల మత్తులో ఉండి కూడా ఆమె స్పష్టంగా చెప్పింది: "అది లాగింది. దుప్పటి ఒక్కసారిగా జాడించి లాగింది. నా చెయ్యి లోపలికి పోయింది."

అబద్ధం చెప్పలేదు. ఆమెకు చివరిగా గుర్తున్నది అదే. ఎడమవదిన పళ్ళు కరిచిపట్టి, దుప్పటికొసను రెండు చేతులా గుంజడం. ఆ తర్వాత తన కేక తనకే వినబడింది.

మధ్యాహ్నం మేనేజరు పిలిచి కుర్చీ చూపించాడు. ఇన్నేళ్ళలో ఆ గదిలో కుర్చీ చూపించడం ఇదే మొదలు.

"శుక్రవారం ఆస్పత్రివాళ్ళు వస్తున్నారమ్మా. నీ సంగతి విన్నారట. వాళ్ళకి మన మీద అనుమానం వస్తే దుప్పట్లు ఇంకోచోటికి పోతాయి. ఇంతమంది పొట్టకూడు. నువ్వు పొద్దున బంతి పట్టుకుని నాలుగు మంచి ముక్కలు చెప్పు. మేము నిన్నెలా చూసుకున్నామో చెప్పు. జరిగింది పక్కమనిషి పొరపాటని చెప్పు. నాకు చెప్పిందే కదా, కొత్తగా ఏం చెప్పక్కర్లేదు."

"తర్వాత?"

"తర్వాత నిన్ను స్టోర్లో కూర్చోబెడతా. తువ్వాళ్ళు అందించడం, అంతే. ఒక చెయ్యి చాలు. ఆ రెండో ఆవిడని శుక్రవారంతో పంపించేస్తాం. వాళ్ళకి మనం చర్య తీసుకున్నట్టు కనబడాలి." ఆయన గొంతు తగ్గించాడు. "ఈ చేత్తో నీకు బయట ఎవరిస్తారమ్మా పని? నీ మంచి కోరి చెప్తున్నా."

ఆయన చెప్పినదాంట్లో ఆమెకు తప్పేమీ కనబడలేదు. ఎడమవదిన పోతుందంటే కడుపులో చల్లగానే అనిపించింది. అలా అనిపించినందుకు సిగ్గు కూడా వెయ్యలేదు.

ఇంట్లో మొగుడు కూతురికి జడ వేస్తున్నాడు. గోడలకు రంగులేసే మనిషి. సున్నం పట్టేసిన మొద్దు వేళ్ళు. పాయలు మూడూ మూడు దిక్కులకు పోతున్నాయి.

"నాన్నా, లాగకు!"

"లాగకపోతే బిగుసుకోదే. గోడకి బ్రష్ వేసినట్టు వేసెయ్యనా పోనీ?"

పిల్ల నవ్వింది. కుడివదిన నవ్వలేదు. ఆ జడ తన వేళ్ళకు ఎంత తేలికైన పనో గుర్తొచ్చి, గిన్నె ఎత్తి పొయ్యి మీద దబ్బున పెట్టింది. ఆస్పత్రి నుంచి వచ్చిన దగ్గర్నుంచీ ఆమె ఇంట్లో అన్నీ దబ్బున పెడుతోంది. పిల్ల ఏదడిగినా విసుక్కుంటోంది. ఆయన మాత్రం ఏమనడు. అనకపోవడమే ఆమెకు ఇంకా కష్టంగా ఉంది.

స్టోరు సంగతి చెబితే ఆయన మొహం వెలిగింది. "మంచిదే కదే! కూర్చుని చేసే పని."

"దాన్ని తీసేస్తున్నారట."

ఆయన జడ కొసకు రిబ్బను చుట్టాడు. "ఆవిడ మొన్న దారిలో కనబడింది. నీ చెయ్యి ఎలా ఉందని అడిగింది. ఇంత ఎండలో నిండుచేతుల చొక్కా వేసుకుంది, ఒంట్లో బాగోలేదేమో అనుకున్నా."

"అడక్కేం చేస్తుంది? చేసింది అదే కదా," అంది కుడివదిన.

మర్నాడు సూపర్‌వైజరు ఆమెను రోలరు దగ్గరికి పంపాడు. శుక్రవారందాకా ఊరికే కూర్చోబెడితే చూడ్డానికి బాగోదన్నాడు. ఎడమకొస పట్టుకోమన్నాడు. ఎడమవైపు నిలబడ్డ మనిషికి బరువంతా ఎడమచేతి మీదే పడుతుంది, కుడిచేయి ఊరికే ఆసరాకి. కుడివైపుకి ఎవరో కొత్తపిల్ల వచ్చింది. ఎవరి వంకా చూడకుండా పెదాలు బిగించి పనిచేస్తోంది.

ఇన్నేళ్ళలో ఆ మూల ఆమె ఎప్పుడూ నిలబడలేదు. అదే రోలరు, అదే ఆవిరి, అదే సబ్బు వాసన. కానీ అక్కడినుంచి అంతా వేరేగా ఉంది. వెలుతురు వెనకనుంచి పడుతోంది. రోలరు పైన మూత ఏటవాలుగా కిందికి దిగి, కుడివైపు మనిషి భుజాలు, మొహం మాత్రమే కనబడుతున్నాయి. కొత్తపిల్ల చేతులు ఎక్కడున్నాయో చూద్దామని ఆమె మెడ చాపింది. కనబడలేదు. వంగింది. అయినా కనబడలేదు.

చేతులు కనబడవన్నమాట. మరి ఆ రోజు తన చెయ్యి లోపలికి పోయిందని దానికి ఎలా తెలిసింది? కేక విని ఉంటుంది.

రోలరు ముందు వేళ్ళ ఎత్తున ఒక ఇనపకడ్డీ ఉంటుంది. చేయి దానికి తగిలిందంటే రోలరు ఆగిపోవాలి. అందుకే పెట్టారు. కానీ తడిసిన దుప్పటి అంచు మందంగా ఉండి మాటిమాటికీ కడ్డీకి తగిలేది, రోలరు మాటిమాటికీ ఆగేది, సూపర్‌వైజరు మాటిమాటికీ అరిచేవాడు. అందుకని ఎవరో ఎప్పుడో చిరిగిన దుప్పట్లోంచి ఒక పీలిక చింపి కడ్డీని పైగొట్టానికి కట్టేశారు. అప్పట్నుంచి పొద్దున ముందుగా వచ్చినవాళ్ళు కడ్డీ కట్టడం అలవాటైపోయింది, వాకిలి ఊడ్చినట్టు. ఊడిపోకుండా తడి పీలికతో మధ్యలో గట్టి ముడి వేసేవాళ్ళు. కుడివదిన వేసిన ముడి అయితే పళ్ళతో కూడా ఊడదని పేరు. కడ్డీ లేకపోయినా ఎర్రబటన్ ఉందిగా అనేది అందరి ధీమా. ఆ బటన్ ఎడమవైపు గోడకుంది. ఎడమవదిన కాస్త ముందే నొక్కివుంటే తన వేళ్ళు దక్కేవి. ఈ మాట కుడివదిన ఆస్పత్రిలో ఎన్నిసార్లు నమిలిందో లెక్కలేదు.

ఇప్పుడా బటన్ ఆమె భుజం పక్కనే ఉంది. కొత్తపిల్ల దుప్పటి సర్దుకుంటున్నప్పుడు ఆమె మోచేత్తో దాన్ని నొక్కింది.

రోలరు తిరుగుతూనే ఉంది.

అరచేత్తో నొక్కింది. గట్టిగా నొక్కి పట్టుకుంది. రోలరు దారిన రోలరు తిరుగుతోంది.

"అది ఎప్పుడో చచ్చింది," అన్నాడు తాత వెనకనుంచి, మడత ఆపకుండా. "నువ్వు అటు నిలబడలేదు కాబట్టి నీకు తెలీదు. సూపర్‌వైజరుకి చెప్పాం. చూద్దామన్నాడు. ఇంకా చూస్తున్నాడు."

"మరి ఆ రోజు ఎలా ఆగింది?"

తాత మడతపెడుతున్న దుప్పటిని గుండెలకు ఆనించుకుని నిలబడ్డాడు. "నీకెవరూ చెప్పలేదా? ఎవరు చెప్తార్లే. నీ ఎడమవదిన ముడి ఊడదీసింది కదమ్మా. ఊడదీస్తే కడ్డీ కిందపడింది, నీ చేతికి తగిలింది, ఆగింది."

ముడి మధ్యలో ఉంది. ఎడమవైపు నిలబడి దాన్ని అందుకోవాలంటే రోలరు మీదుగా చేయి చాపాలి. కుడివదిన తన ఎడమచేయి చాపింది. సెగ ముంజేతికి కొట్టింది. ఇంకాస్త వంగింది. ఇంకో బెత్తెడు దూరంలో ముడి ఉందనగా సెగ భరించలేక చేయి వెనక్కి లాక్కుంది. దాన్ని అందుకోవాలంటే ముంజేతిని ఆ కాలుతున్న ఇనుము మీద ఆనించాల్సిందే. ఆనించి ఉంచి ముడి విప్పాలి. తడిసి బిగుసుకుపోయిన ముడి.

ఆ పొద్దున ఆ ముడి వేసింది ఎవరో ఆమెకు బాగా తెలుసు.

కొత్తపిల్ల అందించిన దుప్పటిని ఆమె ఎడమకొస దగ్గర పట్టుకుని తనవైపు గుంజింది. మళ్ళీ గుంజింది. కొత్తపిల్ల కొస రోలరు నుంచి పక్కకు జరిగింది. ఎంత బలంగా గుంజినా అది పక్కకే వస్తోంది. లోపలికి లాగేది రోలరు. మనిషి అక్కడ నిలబడి లాగగలిగేది బయటికే.

"ఏంటక్కా, ఎందుకలా లాగుతున్నావు?" అంది కొత్తపిల్ల భయపడి.

కుడివదిన కొస వదిలేసింది. గోడ పట్టుకుంది. ఇన్ని రోజులూ ఆమె కళ్ళ ముందు ఆడిన బొమ్మ అదే బొమ్మ. కరిచిపట్టిన పళ్ళు, రెండు చేతులా గుంజడం. బొమ్మలో ఏమీ మారలేదు. తనను చంపబోతున్న మనిషి అనుకున్నది, తనను బయటికి లాగుతున్న మనిషి. అంతే తేడా.

టీ వేళకు పెరటివైపు వెళ్ళింది. మురికిగుడ్డల గది తలుపు దగ్గరే వాసన ముక్కులో గుచ్చుకుంది. ఎడమవదిన మూట విప్పుతోంది. నిండుచేతుల చొక్కా, ముక్కుకి గుడ్డ. తలెత్తి చూసింది, మళ్ళీ మూటలోకి వంగింది.

"వదినా."

ఎడమవదిన గుడ్డలు ఒక్కొక్కటీ పక్కకు విసురుతోంది.

"నాకు తెలీదు వదినా. ఇవాళే తెలిసింది. ఆ మూల నిలబడితే తెలిసింది. నువ్వు లేకపోతే నా చెయ్యి భుజందాకా పోయేది. నీకు చేతులెత్తి దణ్ణం పెడదామని వచ్చా."

ఎడమవదిన ఒక దుప్పటి దులిపింది. అందులోంచి సూది జారి రేకుడబ్బాలో టంగుమంది.

"పెట్టు," అంది. "పెట్టి వెళ్ళు. నాకు పనుంది."

"చెయ్యి చూడనీ."

"ఎందుకు? నువ్వు చూస్తే మానుతుందా?" ముక్కుగుడ్డ కిందికి లాక్కుంది. మొహం పీక్కుపోయివుంది. "ఇంటికెళ్ళి నేనే వెన్నపూస రాసుకున్నా. మర్నాడు నిన్ను చూద్దామని ఆస్పత్రికొస్తే గేటు దగ్గర మనవాళ్ళు చెప్పారు, నేను లాగానన్నావట. నీతో పదేళ్ళు ఒకే దుప్పటి పట్టుకున్నా. నన్నొక్క మాట అడిగి చెప్పాలనిపించలేదా?"

కుడివదిన ముడుచుకున్న వేళ్ళను కొంగులో దాచుకుంది.

"మరి నువ్వెందుకు చెప్పలేదు, నువ్వే ఆపావని?"

"చెప్పా. పడ్డవాళ్ళ మాటే నమ్ముతారట. నువ్వు పడ్డావు, నేను నిలబడ్డా." మళ్ళీ మూట దగ్గరికి వంగింది. "ఈ కంపులో నిలబడి నాకొక్కదానికి దణ్ణం పెడితే నీ మనసు తేలికవుతుంది వదినా. నాకేమీ అవ్వదు. నన్ను ఎక్కడ దొంగని చేశావో అక్కడ చెప్పు. లేదా ఊరుకో."

ఆమె నోట వదినా అన్న మాట అలవాటు మీద జారిపడింది. అది తనకే తెలిసి, గుడ్డ మళ్ళీ ముక్కు మీదికి లాక్కుంది.

ఆ సాయంత్రం కుడివదిన ఏదీ దబ్బున పెట్టలేదు. మొగుడికి అంతా చెప్పింది. ఆయన గోళ్ళలో రంగు గీరుకున్నాడు.

"చెప్తే స్టోరు పోతుంది," అన్నాడు.

"పోతుంది."

"చెప్పకపోతే?"

"ఈ చెయ్యి ఉంటుందిగా, రోజూ కళ్ళ ముందు. ఇన్నాళ్ళూ పోయిన వేళ్ళనే చూసుకుని ఏడ్చా. మిగిలింది ఎవరివల్ల మిగిలిందో చూడలేదు. ఇప్పుడు చూశాక, మళ్ళీ చూడనట్టు ఎలా ఉండను?"

ఆయన సరేననలేదు, వద్దనలేదు. "భయంగా ఉందే," అన్నాడు. ఆమెకూ భయంగానే ఉంది. కూతురు జడ ఊడిపోయి వచ్చింది. కుడివదిన పిల్లను ముందు కూర్చోబెట్టుకుంది. ముడుచుకున్న వేళ్ళ మధ్య ఒక పాయ ఇరికించి, ఎడమచేత్తో అల్లింది. వంకరగా వచ్చింది. చాలాసేపు పట్టింది. పిల్ల కదలకుండా కూర్చుంది.

శుక్రవారం లాండ్రీ మొహం కడుక్కున్నట్టుంది. నేల ఆరబెట్టారు. కడ్డీకి కట్టిన పీలిక మాయమైంది. ఆస్పత్రి నుంచి ఇద్దరు వచ్చారు, టై కట్టుకున్న ఒకాయన, జుట్టు నెరిసిన హెడ్ నర్సు. గుండ్రంలో వాళ్ళకు కూడా చోటిచ్చారు. మురికిగుడ్డల గదిలోంచి ఎడమవదినను కూడా పిలిపించి వెనక వరసలో నిలబెట్టారు. దేనికోసమో ఆమెకు తప్ప అందరికీ తెలుసు. ఆమెకూ తెలుసేమో.

మేనేజరు చూసిన చూపుకి ధన్యవాదాల మేడమ్ బంతిని మెల్లగా, అందేలా విసిరింది. కుడివదిన ఎడమచేత్తో పట్టుకుంది.

"నేను ధన్యవాదాలు చెప్పాలి," అంది. మేనేజరు తల ఊపాడు.

"మా ఎడమవదినకి చెప్పాలి. నా చెయ్యి రోలర్లో పడితే ఆవిడ తన చెయ్యి దాని మీద ఆనించి, నేను కట్టిన ముడి విప్పి ఆపింది. ఆవిడ చెయ్యి కాలింది. నేను మత్తులో ఆవిడే లాగిందని చెప్పా. తప్పు చెప్పా. ఆవిడ లాగింది నన్ను బయటికి. కడ్డీకి రోజూ పీలిక కడతాం, ఇవాళ మీరొస్తున్నారని విప్పారు. ఆ ఎర్రబటన్ పనిచెయ్యదు. చేసుంటే ఆవిడకి కాలేది కాదు, నాకిన్ని వేళ్ళు పోయేవి కాదు."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

హెడ్ నర్సు నడిచి వెళ్ళి రోలరు ఆన్ చెయ్యమంది. ఎర్రబటన్ నొక్కింది. రోలరు తిరుగుతూనే ఉంది. రెండోసారి నొక్కింది.

"ఇవాళే చెడినట్టుంది మేడమ్," అన్నాడు మేనేజరు.

నర్సు ఆయన వంక చూడలేదు. వెనక వరసకు వెళ్ళి ఎడమవదిన చొక్కాచేతిని తనే పైకి మడిచింది. మణికట్టు నుంచి మోచేతిదాకా చర్మం ముడతలు పడి, ఒకచోట ఇంకా పచ్చిగా ఉంది. తాత తల తిప్పేసుకున్నాడు. కుడివదిన తిప్పుకోలేదు. చూడాల్సినంతసేపూ చూసింది.

మేనేజరు తెలివితక్కువవాడైతే మేనేజరు అయ్యేవాడు కాదు. సాయంత్రానికల్లా అంతా సర్దేశాడు. మనిషి వచ్చి బటన్ బాగుచేశాడు. దుప్పట్లు ఎక్కడికీ పోలేదు. తోటిమనిషి ప్రాణాన్ని కాపాడిన ఎడమవదినను మెచ్చుకుని, చేతికి కట్టు కట్టించి, మర్నాటి నుంచి మళ్ళీ రోలరు దగ్గర వేశాడు. మాట మార్చే మనిషిని మాత్రం పెట్టుకోలేమన్నాడు. స్టోర్లోకి ఇంకెవరినో తీసుకున్నారు.

మర్నాడు కుడివదిన తన డబ్బా, చెప్పులు తెచ్చుకోవడానికి వెళ్ళింది. ఎవరూ ఆమెతో ఎక్కువ మాట్లాడలేదు. మాట్లాడితే ఎవరు చూస్తారోనన్న భయం. తాత మాత్రం భుజం తట్టి, మళ్ళీ దుప్పటి మడతలోకి వంగాడు. రోలరు దగ్గర ఎడమవదిన తన చోట్లో నిలబడి దుప్పటి అందిస్తోంది. ఆమె తలెత్తలేదు. కుడివదిన పిలవలేదు. పిలిస్తే ఆ పని కూడా పోతుందేమోనని.

ఆవరణ దాటుతుంటే ఆమెకు ఏడుపు రాలేదు. సోమవారం నుంచి ఏం చెయ్యాలో తెలియదు. ఒంటిచేతి మనిషికి ఎవరు పనిస్తారో తెలియదు. ఆ భయం అలాగే ఉంది, ఎక్కడికీ పోలేదు. కానీ ఇన్నాళ్ళూ గుండెలో పేరుకుపోయివున్న ఆ మంట మాత్రం వెతికినా దొరకలేదు. ఆమెకదే వింతగా అనిపించింది.

గేటు దగ్గరికి వచ్చేసరికి ఏదో తేడా తెలిసింది. కాసేపటికి గానీ అదేమిటో అర్థం కాలేదు. రోలరు చప్పుడు ఆగిపోయింది. పనివేళలో ఆ చప్పుడు ఆగడం ఆమె ఎప్పుడూ ఎరగదు.

"ఎవరాపింది? ఎవరాపారు?" లోపలినుంచి సూపర్‌వైజరు కేక.

"నేనే," అంది ఎడమవదిన గొంతు, ఆవరణంతా వినబడేలా. తడిచేతులు చొక్కాకు తుడుచుకుంటూ ఆమె గుమ్మం దాటి ఎండలోకి వచ్చింది.

"మా వదిన వెళ్తోంది. గేటుదాకా పంపించి వస్తా."